రంగులు గోడలకే!

మన సర్కారు బడుల్లో కళ లేదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. నిజామాబాద్ నుంచి బోధన్ దాకా ఏ బడి ముందైనా ఆగి చూడండి. ప్రహరీ గోడ మీద ఏనుగు, దాని పక్కన ఏబీసీడీలు, ఆ పక్కన భారతదేశ పటం, గేటు దగ్గర 'స్వాగతం' అంటూ చేతులు జోడించిన అమ్మాయి. కిటికీలకు ఒక రంగు, మెట్లకు ఇంకో రంగు, మెట్ల మీద ఎక్కాలు. 2022 మార్చిలో 'మన ఊరు – మన బడి' మొదలుపెట్టినప్పుడు 26,065 బడులకు 7,289 కోట్లని లెక్క చెప్పారు. చేయాల్సిన పన్నెండు పనుల్లో బడికి రంగులు వేయడం ఒకటి. పిల్లలకు రంగులు ఇవ్వడం ఆ పన్నెండులో లేదు. తప్పు పట్టకండి, గోడకు టెండరుంటుంది, బిల్లుంటుంది, కొలతల పుస్తకం ఉంటుంది. క్రేయాన్ ముక్కను ఏ ఇంజనీరు కొలుస్తాడు? కాంట్రాక్టరు ఏనుగును గీయించి వెళ్లిపోయాక బడి మొత్తానికీ మిగిలింది ఒకటే పాఠం: "గోడ ముట్టుకున్నోని చేతులు ఇరగ్గొడ్తా!"

కాబట్టి కళకు కొరతేం లేదు. అందులో పిల్లాడికే చోటు లేదు.

ప్రోగ్రెస్ కార్డులోనూ కళ ఉంది. దానికో గడి, ఆ గడిలో ఒక గ్రేడు. ప్రైవేటు బడిలో డ్రాయింగ్ పీరియడ్ అంటే మ్యాథ్స్ సారు అప్పుగా తీసుకునే పీరియడ్. "జర నాకియ్యిండ్రి మేడం, సిలబస్ అయితలేదు" అని తీసుకున్నది తిరిగిచ్చిన దాఖలా ఎక్కడా లేదు. పిల్లలు డ్రాయింగ్ బుక్కు సంచిలోంచి తీసి, మళ్లీ సంచిలోనే పెట్టి, ఏడో ఎక్కం అందుకుంటారు. సర్కారు ప్రాథమిక బడిలో ఆ అప్పు కూడా అక్కర్లేదు. ఐదు తరగతులకు ఇద్దరు టీచర్లు. మధ్యాహ్న భోజనం లెక్క, ఆన్‌లైన్ హాజరు, సర్వేలు, ఓటరు జాబితా అన్నీ ఆ ఇద్దరి నెత్తినే. వాళ్లను తిట్టడం నాకు చేతకాదు. కానీ గడి ఖాళీగా వదలకూడదు కదా, గ్రేడు వేస్తారు. అందరికీ ఒకటే వేస్తే అనుమానం వస్తుందని అటూ ఇటూ మార్చి వేస్తారు: నోరెత్తని పిల్లకు ఏ, అల్లరి పోరడికి బీ. బడి మొత్తంలో సృజనాత్మకత ఉట్టిపడే పని ఈ గ్రేడులు వేయడం ఒక్కటే.

మరి డ్రాయింగ్ సారు? 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు. స్కూల్ అసిస్టెంట్లు 2,629, భాషా పండితులు 727, ఎస్జీటీలు 6,508, పీఈటీలు 182, ప్రత్యేక అవసరాల పిల్లల కోసం స్కూల్ అసిస్టెంట్లు 220, ఎస్జీటీలు 796. కూడి చూసుకోండి, లెక్క సరిగ్గా సరిపోతుంది. డ్రాయింగ్ మాస్టారు దూరడానికి సందు లేదు. తమాషా ఏమిటంటే డ్రాయింగ్‌లో లోయర్, హయ్యర్ పరీక్షలు పెట్టేది, ఫీజు కట్టించుకునేది, సర్టిఫికెట్ ఇచ్చేది కూడా ఈ సర్కారే. ఆ కాగితం పట్టుకుని ఫ్లెక్సీల షాపులో చేరొచ్చు. నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీలో చుట్టూ ముప్పై తలకాయలు ఎవరికీ కోపం రాకుండా సర్దాలంటే అదీ మాటలా?

చట్టం ఇంకా ముచ్చటైనది. 2009 విద్యాహక్కు చట్టం పిల్లల సర్వతోముఖ వికాసం గురించి చక్కగా మాట్లాడి, షెడ్యూలు దగ్గరికి వచ్చేసరికి పెన్ను బిగబట్టింది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు వంద దాటితే కళకు ఒక ఇన్‌స్ట్రక్టరు, అదీ పార్ట్‌టైం. ఒకటి నుంచి ఐదు దాకా ఆ ఊసే లేదు. అంటే ఒకటో తరగతి పిల్లకు రంగుల మీద మోజు ఉంటే ఐదేళ్లు ఓపిక పట్టాలి. ఆరులోకి వచ్చాక నూట ఒకటో పిల్లాడు ఎక్కడున్నాడో వెతికి, బతిమాలి బడిలో చేర్పించుకోవాలి. వాడు రానంతవరకు మిగతా వందమందికీ చట్టప్రకారం కళ అవసరం లేదు.

బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీకి పునాది పడిన 1937లోనే వార్ధాలో గాంధీ విద్యా సభ జరిపారు. ఆ వెంట వచ్చిన జాకిర్ హుస్సేన్ కమిటీ పాఠాల్లో డ్రాయింగునూ సంగీతాన్నీ చేర్చింది. అంతకు ముందే ఆత్మకథలో, తన దస్తూరీకి సిగ్గుపడుతూ, పిల్లలకు బొమ్మలు గీయడం వచ్చాకే రాత నేర్పాలని గాంధీ రాసుకున్నారు. మనమేం ఆయన్ను మరిచిపోలేదు. ఏటా అక్టోబరు రెండుకు పిల్లలతో ఆయన బొమ్మే గీయిస్తాం: గుండు, కళ్లద్దాలు, కర్ర. 1937 నాటి ఆ రెండు సంకల్పాల్లో ఫ్యాక్టరీ కష్టమో నష్టమో 2015 డిసెంబరు దాకా బతికింది. డ్రాయింగు ఇంకా బోణీ కొట్టలేదు.

అదృష్టం బాగుండి ఏ శనివారమో డ్రాయింగ్ పెట్టారనుకోండి. సారు బోర్డు మీద గీస్తాడు: రెండు కొండలు, నడుమ సగం సూర్యుడు, కిందికి పారే నది, గట్టున గుడిసె, గుడిసె మీదికి వంగిన కొబ్బరిచెట్టు. దీని పేరు సీనరీ. నలభై మందీ అదే దించాలి. బోధన్ పిల్లాడి ఇంటి ముందు నదిలోకి దిగే కొండలెక్కడివి? వాడు చూసేది వేరు. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక కాలువ నీళ్లతో మొలిచిన చెరుకు తోటలు, లోడుతో రోడ్డంతా ఊగుతూ పోయే ట్రాక్టరు, ట్రాలీ వెనక పరిగెత్తి గడ గుంజుకునే పోరగాళ్లు, ఉడకబెట్టి ఆరబోసిన పసుపు కొమ్ములు, చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే అమ్మ, దుబాయి నుంచి ఫోన్ తెరలో నవ్వే నాన్న. ఇవేవీ సీనరీలోకి రావు. ధైర్యం చేసి ఒకడు చెరుకు ట్రాక్టరు గీస్తే "సీనరీ గియ్యమంటే గిదేందిరా?" అని ఇంటు మార్కు. అదే బెంచీలో తెలుగు పిల్ల, ఉర్దూ పిల్లాడు, మరాఠీ మాట్లాడే ఇంటి పిల్ల పక్కపక్కనే కూర్చుంటారు. ముగ్గురికీ తర్జుమా లేకుండా అర్థమయ్యేది గీత ఒక్కటే, దానికే పీరియడ్ లేదు.

బోధన్ శక్కర్‌నగర్ పిల్లాడొకడు షుగర్ ఫ్యాక్టరీ గీసి, చిమ్నీ నుంచి పొగ తీశాడనుకుందాం. ఇవాళ మూడో తరగతిలో ఉన్నవాడు ఆ పొగను కళ్లతో చూసి ఉండడు, వాడు పుట్టేసరికే మిల్లు మూతపడింది. కమిటీలు వేసి, సభలు పెట్టి, ప్రతి ఎన్నికకూ తెరిపిస్తామని చెప్పి పెద్దలు ఇన్నేళ్లుగా రప్పించలేని పొగను వాడు నల్ల క్రేయాన్‌తో అర నిమిషంలో రప్పించాడు. ఇలాంటి చదువు పిల్లలకు దొరికితే రేపు పెద్దల గతేమిటి? డ్రాయింగ్‌ను ఆపిన వాళ్ల ముందుచూపుకు దండం పెట్టాలి.

ఆపడానికి ఇంకో గట్టి కారణం ఉంది. డ్రాయింగ్‌కు కీ లేదు. ఏడెనిమిదులు ఏ సారు అడిగినా యాభై ఆరే. నలభై మందిని చిలకను గీయమంటే నలభై చిలకలు వస్తాయి, ఒక్కటీ తప్పు కాదు. ఆన్సర్ కీ మీద అభ్యంతరాలు, అభ్యంతరాల మీద కోర్టు కేసులు, అవి తేలేదాకా ఆగిపోయే ఉద్యోగాలు: పోటీ పరీక్షల మీద బతికే రాష్ట్రంలో సరైన జవాబులు నలభై ఉండొచ్చని ఎనిమిదేళ్ల పిల్లకు చెప్పడం శాంతిభద్రతల సమస్య. పెద్దలమైనా ఆ మెలకువ నేర్చుకున్నామా అంటే, 2024 డిసెంబరులో తెలంగాణ తల్లి విగ్రహానికి ఆకుపచ్చ చీర కట్టినప్పుడు మన కొట్లాట చూశారు కదా!

ఇక నిజామాబాద్ టౌన్‌లోని టెక్నో, కాన్సెప్ట్, ఒలింపియాడ్ బడుల సంగతి. అక్కడ కళకు పెద్ద పీటే వేశారు. ఆ పీట మీద కూర్చునేది మాత్రం అమ్మలు. "రేపటికి సౌరకుటుంబం కావాలె మమ్మీ" అని పిల్లాడు రాత్రి తొమ్మిదింటికి చెబుతాడు. మమ్మీ థర్మోకోల్ కోస్తుంది, శని చుట్టూ గాజు తగిలిస్తుంది, పిల్లాడు నిద్రపోతాడు. ఓపిక లేని ఇళ్ల కోసం స్టేషనరీ షాపుల్లో సౌరకుటుంబం రెడీమేడ్‌గా దొరుకుతుంది. యాన్యువల్ డేకి డ్యాన్స్ మాస్టరు కిరాయికి, డ్రెస్సులు కిరాయికి, పాట సినిమాది. చప్పట్లు మాత్రం సొంతం.

ఈ తల్లిదండ్రుల కోరిక ఒకటే, పిల్లాడు ఇంజనీరో డాక్టరో కావాలి. "బొమ్మలేస్తే బువ్వ పుడ్తదా?" అంటారు. న్యాయమే. ఐదో తరగతి దాకా గీత గీయనివ్వకుండా కాపాడుకొచ్చిన ఆ పిల్లాడికి పదో తరగతి జీవశాస్త్రం పేపర్లో పటం గీసి భాగాలు గుర్తించమంటారు. వాడు గుండెకాయ గీస్తే వంకాయ వస్తుంది. ఇంకాస్త ముందుకెళ్లి బీటెక్ మొదటి సంవత్సరంలో కూర్చుంటాడు. అక్కడ ఒక సబ్జెక్టు ఎదురవుతుంది, పేరు ఇంజనీరింగ్ డ్రాయింగ్. ఎంతమంది అందులో బ్యాక్‌లాగ్ పెట్టుకుని మూడేళ్లు మోశారో మీ వీధిలో అడిగి చూడండి. వస్తువును పైనుంచి, పక్కనుంచి ఊహించడం పద్దెనిమిదేళ్లకు కోచింగులో రాదు. ఆరేళ్లప్పుడు అమ్మ పేర్చే బతుకమ్మ పక్కన కూర్చుని, గుమ్మడాకు మీద తంగేడు ఎక్కడ, రంగుల్లో ముంచిన గునుగు ఎక్కడ అని చూసిన చేతికి వస్తుంది. ఆ చేతిని ఆడనిచ్చేది ఏటా తొమ్మిది రోజులు. మిగతా ఏడాదంతా చేతులు కట్టుక్కూర్చో!

నిధుల్లేవనే మాట మాత్రం దయచేసి ఇందూరులో, అదే మన నిజామాబాద్‌లో, అనకండి. పసుపు మార్కెట్ యార్డు మనది. 2025 జనవరిలో దేశం మొత్తానికీ పసుపు బోర్డు వచ్చింది ఇక్కడికే. చిటికెడు పసుపులో కాస్త సున్నం కలిపితే ఎర్రబడుతుంది. పెళ్లికి పారాణి కలిపే ప్రతి అవ్వకూ తెలిసిన ఈ రసాయనశాస్త్రం మూడో తరగతిలో నేర్పితే చిత్రలేఖనమూ సైన్సూ ఒక్క దెబ్బకు అవుతాయి. బొగ్గు, ఇటుక ముక్క, చిక్కుడాకు పసరు. వీటికి టెండరు అక్కర్లేదు, బహుశా అదే వీటికున్న లోపం.

బొగ్గంటే గుర్తొచ్చింది. 1948లో ఇదే ఇందూరు ఖిల్లా జైల్లో దాశరథి కృష్ణమాచార్య బొగ్గుతో గోడ మీద నిజాంను తిడుతూ పద్యాలు రాశారు, తోడు ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి. ఆ గోడ రాతల గురించి మన పిల్లలు పాఠాల్లో గర్వంగా చదువుకుంటారు. చదివిన ఊపులో ఒకడు బొగ్గు ముక్క తీసి కాంట్రాక్టరు ఏనుగు పక్కన చిన్న ఏనుగు పిల్లను గీశాడనుకోండి, హెడ్మాస్టరు గదికి పిలుపు. తండ్రిని వెంటబెట్టుకు రమ్మంటారు, తండ్రేమో దోహాలో.

నాదొక మనవి. ఈసారి తనిఖీకి వచ్చే అధికారికి, రంగులేసిన గోడకు రిబ్బన్ కత్తిరించడానికి వచ్చే ప్రజాప్రతినిధికి, కుర్చీ వేసే ముందు ఒక చాక్‌పీసు ఇవ్వండి. చెరుకు గడను కణుపులతో సహా, పసుపు కొమ్మును దాని వేళ్లతో సహా బోర్డు మీద గీయమనండి. ఈ జిల్లా గాలి పీల్చేవాళ్లకు అదేం పెద్ద పని కాదు. గీయలేనివాళ్లను బుజ్జగించి ఒకటో తరగతిలో కూర్చోబెడదాం. కూర్చోబెట్టి ఏం లాభమంటారా, నిజమే, ఆ తరగతికి బొమ్మలు నేర్పే పోస్టు మంజూరు కాలేదు.