పబ్లిక్ ఊరికే పడిపోతోంది

మా రోజుల్లో జావాలో ఇంటర్‌ఫేస్ రాయాలంటే నోట్‌ప్యాడ్ తెరిచి మొదటి అక్షరం నుంచీ చేత్తో కొట్టుకోవాల్సిందే. పబ్లిక్ కావాలంటే ఆ మాటా మనమే కొట్టాలి. కొట్టకపోతే అది ప్యాకేజీ గడప దాటదు. ఆ కాస్త శ్రమలోనే ‘ఇది బయటివాళ్ళకెందుకు?’ అన్న అనుమానం వచ్చేది. ఇప్పుడో, ఐడీఈలో పేరిచ్చి ఎంటర్ నొక్కితే పబ్లిక్ దానంతటదే పడుతుంది. పడ్డదాన్ని తీసిన పాపాన ఎవడూ పోడు.

“ఇంటర్‌ఫేస్ అంటేనే పబ్లిక్ కదన్నా” అంటారు. (అన్నా అన్నారు, అదే పదివేలు. కొత్తగా వచ్చినవాళ్ళు పేరు పెట్టే పిలుస్తున్నారు.) సగమే నిజం నాయనా. లోపలి మెథడ్స్ మాటైతే సరే, 1996లో వచ్చిన మొదటి జావా నుంచీ అవి, రాసినా రాయకపోయినా, పబ్లికే. అందుకే వాటిని అమలు చేసే క్లాసులో పబ్లిక్ మర్చిపోతే కంపైలర్ ఊరుకోదు. కానీ ఇంటర్‌ఫేస్‌ని ఎవరికి చూపించాలన్నది మాత్రం మన చేతిలోనే ఉంది. ఆ ఒక్క నిర్ణయమూ మెషీన్‌కి వదిలేశారు.

వదిలేస్తే ఏమవుతుందో మేం చూశాం. జేడీబీసీలో కనెక్షన్ అనే ఇంటర్‌ఫేస్ ఉంది కదా, డేటాబేస్ డ్రైవర్ రాసే ప్రతివాడూ దాన్ని అమలు చేయాల్సిందే. 2006లో జావా 6 వచ్చినప్పుడు అందులో ఈజ్‌వాలిడ్ లాంటి కొత్త మెథడ్స్ చేర్చారు. డ్రైవర్ల కోడ్ కొత్త జేడీకేలో కంపైల్ కావడం మానేసింది. పాత డ్రైవర్ జార్‌లు మాత్రం ఏమీ ఎరగనట్టు నడిచేవి. ఎవరో ఈజ్‌వాలిడ్‌ని పిలిచేదాకా! పిలవగానే ఆబ్‌స్ట్రాక్ట్‌మెథడ్ఎర్రర్. అది తప్పనిసరిగా పబ్లిక్‌గా ఉండాల్సిన ఇంటర్‌ఫేస్ కాబట్టి భరించాం. అక్కర్లేనివాటిని కూడా బయటపెట్టుకోవడం, శుభలేఖ మీద ‘సపరివారంగా’ అని అచ్చేయించి, ఆనక విస్తళ్ళు లెక్కపెట్టుకుని గుండెలు బాదుకోవడమే.

2014లో జావా 8తో డిఫాల్ట్ మెథడ్స్ వచ్చాయి. ఇక భయం లేదంటారు పిల్లలు. డిఫాల్ట్‌కి ఒళ్ళు రాయాలంటే అప్పటికే ఉన్న మెథడ్స్‌తో పని జరగాలి. జరగకపోతే? ఇటరేటర్‌లో రిమూవ్‌కి ఏం చేశారో చూడండి, ‘ఇది నా వల్ల కాదు’ అని ఎక్సెప్షన్ విసిరి చేతులు దులుపుకున్నారు.

మా కాలం బంగారమని నేననను. ప్యాకేజీకీ ప్రపంచానికీ మధ్య ఇంకో మెట్టు లేకపోవడం జావాకి పెద్ద లోటు. డాట్‌నెట్ వాళ్ళకి 2002లో మొదటి వెర్షన్ నుంచే ఇంటర్నల్ ఉంది, అసెంబ్లీ దాటి కనిపించదు. మనకి అది లేక, జేడీకే లోపలి ప్యాకేజీలు ఒకదాన్నొకటి వాడుకోవడానికి పబ్లిక్ అయ్యాయి. సన్ డాట్ మిస్క్‌లోని బేస్64 ఎన్‌కోడర్‌ని, కంపైలర్ వద్దని హెచ్చరిస్తున్నా, లోకమంతా వాడేసింది. 2017లో జావా 9 దాన్ని తీసేస్తే ఎన్ని బిల్డులు పడిపోయాయో! అదే జావా 9 మాడ్యూల్స్ తెచ్చింది. ఎక్స్‌పోర్ట్ చేయని ప్యాకేజీలో ఎంత పబ్లిక్ ఉన్నా బయటికి రాదు. ఇన్నాళ్ళకి దొరికిన మంచి సాధనం. మనవాళ్ళేం చేశారు? స్టార్టప్ స్క్రిప్ట్‌లో యాడ్-ఓపెన్స్ లైన్లు వరసగా పేర్చి, మూసినవన్నీ మళ్ళీ తెరిచి కూర్చున్నారు.

మొన్న రివ్యూలో ఒక కుర్రాడి కోడ్ చూశాను. పబ్లిక్ ఇంటర్‌ఫేస్ ఒకటి, పక్కనే, అదే ప్యాకేజీలో, చివర ఇంపల్ తగిలించిన క్లాసు ఒక్కటి. ఇంకెవరూ అమలు చేసే యోగం లేదు.

“ఇది ఎవరి కోసం బాబూ?”

“టెస్టులో మాక్ చేయడానికన్నా.”

టెస్టు క్లాసు కూడా అదే ప్యాకేజీ పేరుతోనే ఉంది. పబ్లిక్ లేకపోయినా దానికి కనిపిస్తుంది. సరే తీసెయ్యమన్నాను. తీసి బిల్డ్ కొడితే ఎక్కడో రిపోర్టుల మాడ్యూల్‌లో ఎర్రర్. వాళ్ళు అప్పటికే దాన్ని ఇంపోర్ట్ చేసేసుకున్నారు. ఎవరినడిగి అంటే, “కనిపించింది కదా, వాడేశాం” అన్నారు. ఇప్పుడు అందులో ఒక మెథడ్ పేరు మార్చాలన్నా వాళ్ళ మేనేజర్‌కి మెయిల్ పెట్టాలి.