అంచు తగువు

హైదరాబాదులోనూ ఓ రాయదుర్గం ఉంది. అక్కడికి 2019లో మెట్రో వెళ్లింది. పిజ్జా అంచు పలచగా ఉండాలా, లోపల చీజు కూరాలా అన్నది అక్కడి కుర్రాళ్ల తగువు. వాళ్ల జీన్స్‌లో కొన్ని కుట్టింది మన అనంతపురం జిల్లా రాయదుర్గంలోనే. ఇక్కడి తగువు వేరు: జొన్నరొట్టె మెత్తగానా, కడక్‌గానా? అత్తాకోడళ్ల మధ్య అది ఇంకా తేలలేదు.

నేపుల్స్ పిజ్జా కళను 2017లో యునెస్కో గుర్తించింది. అంచు 1-2 సెంటీమీటర్లు ఉండాలని అక్కడి పిజ్జా సంఘం నియమం. రొట్టె తట్టే మన అవ్వ అరచేతికి సంఘం ఏదీ?

ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అనగానే జొన్నరొట్టెకు రోజులొచ్చాయనుకున్నాం. వచ్చాయి, చిరుధాన్యాల పిజ్జాగా! ఇక మన బొరుగుల ఉగ్గాని మీద చీజు చల్లే మహానుభావుడే బాకీ. దాని జోడు బజ్జీకి విడిగా బిల్లేస్తాడేమో!