పాత సొసైటీకి కొత్త రంగు: ప్రెసిడెంట్లకు చిట్కాలు

ప్రెసిడెంటు గారూ, 1904లో తెల్లదొరలు సహకార పరపతి చట్టం తెచ్చింది మొదలు మీ సొసైటీ పంట అప్పు, ఎరువుల బస్తా దాటి కదల్లేదని పైనుంచి మాట పడుతున్నారు గదా. జనానికి పనికొచ్చే కొత్త పని ఏదైనా చేయమంటున్నారు. చేద్దాం. సభ్యుల్ని కదిలించకుండా చేసే మార్గాలు బోలెడు.

ముందు బోర్డు మార్చండి. 2023 నాటి నమూనా బైలాలు పాల సేకరణ, గిడ్డంగి, గ్యాస్, పెట్రోలు బంకు అంటూ పాతిక పైచిలుకు పనులకు దారిచ్చాయి. అన్నీ రాయించండి. జనరిక్ మందుల షాపుకు ఫార్మసిస్టు కావాలన్న సంగతి రంగు ఆరాక చూసుకోవచ్చు.

2022లో కేంద్రం 2,516 కోట్లతో 63 వేల సంఘాలకు కంప్యూటర్లు పెడతానంది. మీకు వచ్చినదానికి పసుపు కుంకుమ పెట్టి గుడ్డ కప్పండి. అసలు లెక్క పాత లెడ్జరులోనే భద్రం. ఎవరైనా అడిగితే సర్వర్ డౌన్.

ఇక కౌలు రైతు. కొత్తదనం చూపించడానికి ఇంతకు మించిన చోటు లేదు, కాబట్టి కాస్త నేర్పుగా మెలగాలి. "కౌలు రైతుకు అండగా" అని ఫ్లెక్సీ కట్టించండి. అతను రాగానే సాగుదారు హక్కు పత్రం అడగండి. ఆంధ్రప్రదేశ్ 2019 సాగుదారు హక్కుల చట్టం ప్రకారం దానికి భూయజమాని సంతకం కావాలి. ఆయన హైదరాబాదులో ఉంటాడు, సంతకం పెడితే పొలం పోతుందని భయం. ఖర్మ కాలి ఆయన పెట్టేశాడే అనుకోండి, అదే సర్వే నంబరు మీద ఆయనే పంట రుణం ఎత్తేసి ఉంటాడు. సకాలంలో కడితే 4 శాతం వడ్డీ, వదులుకుంటాడా? దున్నేవాడు వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కుతాడు. ఫ్లెక్సీ మాత్రం దింపకండి.

వసూళ్లు నూరు శాతం చూపించాలంటే మార్చి నెలాఖరుంది. పాత అప్పు తీరినట్టు, కొత్త అప్పు ఇచ్చినట్టు రెండు చీటీలు రాస్తే చాలు, రూపాయి కదలక్కర్లేదు. దీన్ని బుక్ అడ్జస్ట్‌మెంట్ అని అందరూ అంటారు, మీరు "రైతు హిత పునరుద్ధరణ" అనండి.

విజ్ఞాన యాత్రకు ముల్కనూరు వెళ్లండి. 1956 నుంచి నడుస్తున్న సంఘం, పాలకవర్గమంతా ఫొటో దిగవచ్చు. సభ్యుల పంట సంఘమే కొని, అమ్మి, ఆ డబ్బులోంచే అప్పు పట్టుకుంటుందని అక్కడ చెబుతారు. వింటే మీ దళారీ బావమరిది బాధపడతాడు, చెవిన పెట్టకండి. ఆ ఊరి చుట్టుపక్కల ఆడవాళ్లు "స్వకృషి" పేరుతో సొంత పాల డెయిరీ నడుపుతున్న సంగతి మీ ఇంట్లో పొరపాటున కూడా చెప్పవద్దు. మీ ఊళ్లో డ్వాక్రా అక్కలు నెలనెలా పొదుపు చేసి, తీసుకున్నది కట్టేస్తున్నా, పొలం వాళ్ల పేరున లేదు గనుక సభ్యత్వం కుదరదనండి. బైలా చూపించమంటే ఆడిటర్ దగ్గరుందనండి.

మహాజన సభ నాట్ల సీజన్లో, పదకొండు గంటలకు పెట్టండి. తీర్మానాలు ముందు రోజే రాసి ఉంచితే టిఫిన్లకు తీరిక దొరుకుతుంది. ఎవడైనా కుర్రాడు లేచి వాటాధనం లెక్క అడిగితే కసరకండి. అక్కడికక్కడే అతణ్ని కొత్త పథకాల ఉపసంఘానికి కన్వీనరుగా ప్రకటించి, శాలువా కప్పండి. సమావేశం తేదీ మీరే తర్వాత చెబుతానన్నారని మినిట్సులో రాయించడం మరవకండి.