పసుపు కొమ్ముకు మెరుగు, నిరుద్యోగికి ఆత్మవిశ్వాసం

ఉద్యోగం రాకపోవడానికి కారణం ఉద్యోగాలు లేకపోవడం కాదని, అభ్యర్థి భుజాలు కాస్త ముందుకు వంగి ఉండటమేనని బోధించే ఒక విద్య కొన్ని దశాబ్దాలుగా తెలుగు నేల మీద వ్యక్తిత్వ వికాసమనే పేరుతో వర్ధిల్లుతున్నది. ఈ విద్యకు గ్రంథాలున్నాయి, గురువులున్నారు, రుసుములున్నాయి. తన సిద్ధాంతం ఎప్పుడు తప్పవుతుందో చెప్పే ఏర్పాటు మాత్రమే లేదు. అభ్యర్థికి ఉద్యోగం వస్తే అది ఆత్మవిశ్వాస మహిమ, రాకపోతే ఆత్మవిశ్వాసం చాలలేదని అర్థం; ఎటు తిరిగినా గురువుకు ఓటమి లేదు, శిష్యుడికి మళ్లీ రుసుము తప్పదు. ఆడలేని వాడు మద్దెల ఓడన్నాడని సామెత. ఇక్కడ మద్దెలకు నిజంగానే చిల్లు పడి ఉండగా ఆడేవాడి కాళ్లకు శిక్షణ ఇస్తున్నారు.

ఈ శాస్త్రానికి మూలసూత్రంగా ఒక అంకెల త్రయాన్ని చెబుతారు. మనిషి చెప్పే విషయంలో మాటల వాటా 7 శాతం, గొంతు వాటా 38 శాతం, దేహభాష వాటా 55 శాతం అని, కనుక ఇంటర్వ్యూలో ఏం చెప్పామన్నది దాదాపు అనవసరమని దాని సారాంశం. ఈ అంకెలకు ఆధారం అమెరికా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో సహచరులతో కలిసి ప్రచురించిన రెండు ప్రయోగాలు. వాటిలో వాడినవి ఉపన్యాసాలు కావు, ఇంటర్వ్యూ జవాబులు కావు. రికార్డు చేసిన విడి విడి మాటలు, వాటికి జోడించిన ముఖాల ఫొటోలు. మాటకూ, గొంతుకూ, ముఖానికీ పొంతన కుదరనప్పుడు ఎదుటి మనిషి ఇష్టాన్నో అయిష్టాన్నో వినేవారు దేనినిబట్టి ఊహిస్తారన్నదే అక్కడి ప్రశ్న. భావాలు, ఇష్టాయిష్టాలు వ్యక్తం చేసే సందర్భానికి తప్ప ఈ సూత్రం వర్తించదని మెహ్రాబియన్ స్వయంగా స్పష్టం చేశారు. పైగా ఆ 55 శాతం ముఖానిది. మెడ కింది భాగానికి ఆయన ఒక్క పైసా కేటాయించలేదు. అయినా శిక్షణ తరగతుల్లో ఆ మొత్తాన్ని వెన్నెముకకు, చేతులకు, చివరికి బూట్లకు కూడా ఉదారంగా పంచిపెట్టారు. ఈ లెక్కే నిజమైతే అరబ్బీ ముక్క రాని జగిత్యాల జిల్లా మెట్‌పల్లి మేస్త్రీ సౌదీ కఫీలు, అంటే తన వీసాకు పూచీ పడే యజమాని, ఎంత వేగంగా మాట్లాడినా నూటికి 93 పాళ్లు గ్రహించగలగాలి. అక్కడ ఏళ్ల తరబడి పనిచేసి వచ్చినవారిని ఈ విషయం అడిగితే వచ్చే నవ్వులో కూడా మాటల వాటా 7 శాతానికి మించదేమో.

రెండో సూత్రం బలభంగిమ. ఒళ్లు విరుచుకుని చోటంతా ఆక్రమించే భంగిమల్లో రెండు నిమిషాలు ఉంటే శరీరంలో హార్మోన్లు మారి ధైర్యం పుడుతుందని 42 మందితో జరిపిన ప్రయోగం ఆధారంగా 2010లో ఒక పత్రం వెలువడింది. రచయితలలో ఒకరైన ఏమీ కడీ 2012లో చేసిన టెడ్ ప్రసంగం దానిని లోకమంతా మోసుకెళ్లింది. 2015లో వేరే పరిశోధకులు 200 మందితో అలాంటి ప్రయోగమే చేసి చూస్తే హార్మోన్లలో మార్పు కనబడలేదు, బలం వచ్చిందన్న అనుభూతి మాత్రం కనబడింది. మరుసటి ఏడాది మొదటి పత్రపు ప్రధాన రచయిత్రి డానా కార్నీ ఈ ప్రభావం నిజమని తాను ఇక నమ్మడం లేదని బహిరంగంగా ప్రకటించారు. బలం రాకుండా బలం వచ్చిందన్న అనుభూతి మాత్రమే రావడం ఈ విద్య మొత్తానికీ సరిపోయే నిర్వచనం కనుక గురువులు ఆ ప్రకటనను పట్టించుకోకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు.

మెట్‌పల్లి పరిసరాల రైతుకు ఈ వ్యవహారాన్ని వివరించడం చాలా సులభం. ఉడికించి ఎండబెట్టిన పసుపు కొమ్ములను తిరిగే డ్రమ్ములో వేస్తే, ఒకదానితో ఒకటి రాచుకుని పై పొలుసులు, వేరు తుంపులు రాలిపోయి కొమ్ము నిగనిగలాడుతుంది. యార్డులో మంచి ధర పలకడానికి అది అవసరమే. అయితే కొమ్ములో ఉండి పసుపుకు రంగునిచ్చే కుర్కుమిన్ అనే పదార్థం ఎంత తిప్పినా రవ్వంత పెరగదు. మెరుగు పెట్టే పనే పంట అని ఏ రైతూ అనడు, డ్రమ్ము తిప్పేవాడిని వ్యవసాయ శాస్త్రవేత్త అని ఎవరూ పిలవరు. భయంతో గొంతు పూడుకుపోయే పిల్లవాడికి నలుగురి ముందు మాట్లాడే అలవాటు చేయించడం మంచి పనే, దానిని కాదనవలసిన పనిలేదు. కానీ అందుకు ఊరి బడిలో వారానికొకసారి పాఠం అప్పజెప్పించుకునే ఉపాధ్యాయుడు చాలు. శిక్షణ తరగతిలో నేర్పేది ఆ అలవాటు కాదు. తన బలహీనత ఏమిటని అడిగితే పనిలో పరిపూర్ణత కోసం అతిగా తపించడమేనని చెప్పాలని నేర్పుతారు. నలభై మంది ఒకే బలహీనతను ఒకే చిరునవ్వుతో అప్పజెబుతారు. దీనికి ప్రత్యేకతను చాటుకోవడమని పేరు.

ఇంతకూ ఇంటర్వ్యూ అనే పరీక్షకే ఎంత విలువ ఉందన్న ప్రశ్నకు పరిశోధకులు, ప్రభుత్వాలు చెప్పిన జవాబులు ఈ తరగతుల్లో వినిపించవు. ఎంపిక సమయంలో వచ్చిన మార్కుకూ, తరువాత ఉద్యోగంలో చూపిన పనితనానికీ ఉన్న సంబంధాన్ని సున్నా నుంచి ఒకటి దాకా కొలిచే అంకెను ప్రామాణికతా గుణకం అంటారు. అందరికీ ఒకే ప్రశ్నలు వేసి, ముందే నిర్ణయించిన కొలతతో మార్కులిచ్చే ఇంటర్వ్యూకు పాల్ సాకెట్ బృందం 2022లో లెక్కించిన గుణకం 0.42, తోచినట్టు కబుర్లాడి మనిషిని అంచనా వేసే ఇంటర్వ్యూకు అది 0.19 మాత్రమే. వెన్ను నిటారుతనం, కరచాలనం పట్టు పనికివస్తే గిస్తే ఈ రెండో రకంలోనే. అంటే గురువులు శిష్యులను తయారు చేస్తున్నది పనితనాన్ని సరిగా కొలవలేని పరీక్ష కోసం. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి గ్రూప్ సి, నాన్ గెజిటెడ్ గ్రూప్ బి కొలువులకు ఇంటర్వ్యూలు ఎత్తివేసింది. తెలంగాణ ప్రభుత్వం 2022 ఏప్రిల్‌లో గ్రూప్-1, గ్రూప్-2 ఇంటర్వ్యూలను కూడా రద్దు చేసింది; అంతకుముందు గ్రూప్-1లో 100, గ్రూప్-2లో 75 మార్కులు ఆ గదిలో కూర్చున్న కొద్దిమంది చేతిలో ఉండేవి. పైరవీకి, పక్షపాతానికి చోటిస్తుందన్న కారణంతో సర్కారే వదిలించుకున్న తంతును ఆత్మవిశ్వాసంతో ఎదుర్కోవడం ఎలాగో నేర్పే నమూనా ఇంటర్వ్యూలు మాత్రం బజారులో ఇంకా దొరుకుతూనే ఉన్నాయి.

మరొక చిన్న చిక్కు కూడా ఉంది. మెట్‌పల్లికి దగ్గరలోని ముత్యంపేట చక్కెర కర్మాగారం 2015 డిసెంబర్‌లో బోధన్, ముంబోజిపల్లి యూనిట్లతో పాటు మూతపడింది. ఆ గేటు ముందు బలభంగిమలో రెండు నిమిషాలు కాదు, రెండు క్రషింగ్ సీజన్లు నిలబడినా లోపలి నుంచి పిలుపు రాదు. అభ్యర్థి దేహభాషలో లోపం ఎక్కడుందో చెప్పగలిగిన గురువులు ఆ బాయిలరు దేహభాష గురించి ఇంతవరకు ఏమీ సెలవియ్యలేదు.

ఈ ప్రాంతానికి ఇంటర్వ్యూ అనగానే గుర్తుకొచ్చేది గాజు తలుపుల కార్యాలయం కాదు, గల్ఫ్ ఏజెంటు. అక్కడ జరిగే ఎంపికలో ఒక సగం నిజాయితీ గలది. దానిని ట్రేడ్ టెస్ట్ అంటారు. మేస్త్రీ చేత గోడ కట్టించి తూకం గుండు వేసి చూస్తారు, వెల్డరు చేత అతుకు వేయించి పరిశీలిస్తారు, డ్రైవరుకు బండి ఇస్తారు. రాబోయే ఐదేళ్లలో తనను తాను ఎక్కడ చూసుకుంటున్నాడని ఎవరూ అడగరు. అడిగినా అప్పు తీరిన ఇంట్లో అని ఒక్క మాటలో చెప్పేస్తాడు. గోడ నిట్టనిలువుగా ఉండాలి, మనిషి వంగి ఉన్నా ఫరవాలేదు.

మోసమంతా ఉండేది రెండో సగంలో, అంటే ప్రశ్నలు వేయవలసిన వాడు వేయకుండా కూర్చునే చోట. 1983 వలస చట్టం ప్రకారం విదేశీ కొలువులకు మనుషులను ఎంపిక చేసే ఏజెంటుకు కేంద్రం ఇచ్చిన రిజిస్ట్రేషన్ ఉండాలి. అతడు తీసుకోదగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం పన్ను, వెరసి 35,400. పదో తరగతి పాసు కాని కార్మికుడు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే వలస అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతి జోలికి పోకుండా విజిట్ వీసా మీద దాటించేవారు, ఏ యజమాని దగ్గరైనా పనిచేసుకోవచ్చని నమ్మించి ఆజాద్ వీసా అంటగట్టేవారు, చట్టం చెప్పిన రుసుముకు ఎన్నో రెట్లు గుంజేవారు ఎవరి ముందు కూర్చుంటారంటే, ప్రశ్న అడిగితే అవకాశం చేజారుతుందని భయపడే మనిషి ముందు. ఆ డబ్బు తల్లో భార్యో బీడీలు చుట్టి కూడబెట్టినది, మిగిలినది మిత్తికి తెచ్చినది. దిగిన తరువాత వేరే పని, తక్కువ జీతం ఎదురై పారిపోతే ఖల్లివెల్లి అవుతాడు. యజమానిని వదిలి కాగితాలు లేకుండా బతికేవాడికి ఈ జిల్లాల్లో ఉన్న పేరు అది.

ఆత్మవిశ్వాసం అవసరమైన చోటు ఏదైనా ఉంటే అది ఇదే. అయితే వ్యక్తిత్వ వికాస విద్య పాఠ్యప్రణాళికలో ఈ అధ్యాయం లేదు. చివర్లో మీరేమైనా అడగదలచుకున్నారా అని ఇంటర్వ్యూ చేసేవారు అంటే సంస్థ దార్శనికత గురించి ఒక ముచ్చటైన ప్రశ్న వేయాలని, జీతం, పని గంటలు, సెలవుల మాట ఎత్తడం మర్యాద కాదని అక్కడ నేర్పుతారు. అంటే ఇన్ని వేలు పోసి కొనుక్కున్న ధైర్యం జవాబు చెప్పడానికే గాని ప్రశ్న అడగడానికి పనికిరాదు. నిటారుగా కూర్చుని వినయంగా మోసపోవడానికి మాత్రం చక్కగా పనికివస్తుంది. కొన్నింటికి ఒంటరి ప్రశ్న కూడా చాలదు. గల్ఫ్ దేశాలకు వెళ్లే కార్మికులకు ఇంతకంటే తగ్గకూడదని భారత ప్రభుత్వం నిర్ణయించే కనీస సిఫారసు వేతనాలను 2020 సెప్టెంబర్‌లో 30 నుంచి 50 శాతం దాకా తగ్గించారు. వాటిని 2021 జూలైలో తిరిగి పాత స్థాయికి తెచ్చినది ఏ అభ్యర్థి కరచాలనమూ కాదు. తెలంగాణ వలస కార్మిక సంఘాల నిరసనలు, హైకోర్టులో వేసిన వ్యాజ్యం.

కనుక నమూనా ఇంటర్వ్యూలు పెట్టక తప్పదనుకునే గురువులు కుర్చీలు మార్చి వేయవచ్చు. బల్లకు అవతల ఏజెంటును కూర్చోబెట్టి, ఇవతలి కార్మికుడి చేత రిజిస్ట్రేషన్ నంబరు ఎంత, వీసా ఏ పనికి, ఒప్పందం తెలుగులో ఉందా, ఇచ్చిన డబ్బుకు రసీదు ఏది అని అడిగించవచ్చు; తడబడిన ఏజెంటుకు ఆత్మవిశ్వాసం చాలలేదని సర్టిఫికెట్ ఇవ్వవచ్చు. ఏజెంటుకు నిజంగా రిజిస్ట్రేషన్ ఉన్నదీ లేనిదీ కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉచితంగానే చూసుకోవచ్చు, అందుకు పట్టే సమయం టై ముడి నేర్చుకోవడానికి పట్టే సమయంలో సగం కూడా ఉండదు.