యాభై ఒకటి అంటే నూరు

పేదలకు ఏం కావాలో పేదలనే అడిగి చేసే దేశం అమెరికా అని మన మేధావులు సభల్లో సెలవిస్తుంటారు. నిజమే, అడగడానికి అక్కడ చట్టమే ఉంది. 1974లో అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకంతో పుట్టిన ‘కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంట్’ కింద కేంద్రం నగరాలకు ఏటా డబ్బిస్తుంది. అందులో కనీసం 70 శాతం అల్పాదాయ, మధ్యస్థాదాయ జనానికి మేలు చేయాలి. మూడేళ్లకో ఐదేళ్లకో పెద్ద ప్రణాళిక, ఏటా చిన్న ప్రణాళిక రాయాలి. ఏడాదికి రెండు బహిరంగ సభలు పెట్టాలి. ముసాయిదాను 30 రోజులు జనం ముందుంచాలి. ఇంత మర్యాద మన దగ్గర వియ్యాలవారికి కూడా జరగదు.

ముందు ఆ 70 శాతం సంగతి చూద్దాం. ఒక వాడలో అల్ప, మధ్యస్థాదాయాల వాళ్లు 51 శాతం ఉంటే చాలు, అక్కడ వేసిన రోడ్డు ఖర్చు మొత్తం పేదల ఖాతాలో పడిపోతుంది. 51 అంటే 100 అన్నమాట. ఈ ఎక్కం మన బళ్లో చెప్పకపోబట్టే మనం ఇలా వెనకబడి ఉన్నాం! మిగతా 49 శాతం మంది కార్లు కూడా ఆ రోడ్డు మీదే పోతాయి గానీ లెక్కలో కనిపించవు. అలాంటి వాడలు తగినన్ని లేని కలిగిన ఊళ్లు బెంగపడనక్కర్లేదు. ఉన్నవాటిలో పేదలు కాస్త ఎక్కువున్న పావు వంతు వాడలను చూపిస్తే సరి. పేదలు చాలకపోతే ప్రమాణమే దిగివస్తుంది.

డబ్బు పంచే సూత్రం ఇంకా రసవత్తరం. సూత్రాలు రెండున్నాయి, ఏది ఎక్కువిస్తే నగరానికి అదే. రెండో సూత్రంలో పేదరికానికి 30 శాతం బరువు, 1940కి ముందు కట్టిన ఇళ్లకు 50 శాతం. కూలబోయే కొంపకూ, మెరుగులు దిద్దిన తాతలనాటి భవంతికీ ఆ సూత్రానికి తేడా తెలియదు. బోస్టన్ పక్కనే సంపన్నులు కాపురముండే న్యూటన్‌కూ ఈ గ్రాంటు అందుతుంది. ఇల్లు ముసలిదైతే చాలు, అందులో ఉన్నవాడి మీద కేంద్రానికి జాలి పుట్టుకొస్తుంది.

వచ్చిన డబ్బులో పిల్లల సంరక్షణ, ఆకలి తీర్చడం వంటి సేవలకు సాధారణంగా 15 శాతం దాటకూడదు. ప్రణాళిక, పరిపాలన ఖర్చుకు మాత్రం 20 శాతం దాకా వెళ్లొచ్చు. ఆకలిగొన్నవాడి కంటే అతని ఆకలి గురించి నివేదిక రాసేవాడికే పెద్ద విస్తరి.

ఇక అడగడం. మొదటి సభ ముసాయిదాకు ముందే జరగాలి, జరుగుతుంది కూడా. అక్కడ ‘మీకేం కావాలి?’ అంటారు, చేతిలో ఎంతుందో చాలాసార్లు చెప్పరు. ముసాయిదా వచ్చేసరికి అంకెలన్నీ ఉంటాయి, మార్చే మనసుండదు. రాత్రి షిఫ్టుకు పోయే తల్లి ఆ పట్టికలన్నీ చదివి 30 రోజుల్లో అభిప్రాయం రాసి పంపాలి. పంపిందనుకోండి, ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో ప్రణాళికలోనే అచ్చేస్తారు. తిరస్కారమైనా ఎంత పద్ధతిగా ఉంటుందో!

ఈ తతంగమంతా దేనికోసం? 1975లో ఈ నిధి సుమారు 240 కోట్ల డాలర్లు, 2024లో సుమారు 330 కోట్లు. ఈ మధ్యకాలంలో ధరలు ఐదింతలు దాటాయి, నిధి ఒకటిన్నర రెట్లు కూడా కాలేదు. గ్రాంటు చిక్కిపోయింది, కాగితాలు మాత్రం పుష్టిగానే ఉన్నాయి.

జనాన్ని అడగొద్దని ఎవరూ అనరు. అడిగితే అంకె చెప్పి అడగండి. ముసాయిదా మొదటి పేజీలో ‘పోయినేడు మీ మాట విని మార్చిన అంకె ఇదీ’ అని ఒక్క వాక్యం రాయండి. ఏమీ మారకపోతే సున్నా అనే రాయండి. సున్నా వేయడానికి 20 శాతం ఖర్చు కాదు.