పరిశీలనలో ఉంది

రాయలేక ఆగిపోవడంలో మా నెల్లూరుకున్నంత చరిత్ర తెలుగునాట ఇంకే ఊరికీ లేదు. తిక్కన గారు పద్యం చెప్పాలి, గురునాథుడు రాయాలి, ఇద్దరిలో ఎవరూ మధ్యలో ఆగకూడదు. అదీ పంతం. ఒకచోట కవిగారికి మాట తట్టలేదు. ఇప్పుడేం చెప్పేది నాయనా అని లేఖకుడి మొహం చూసి వాపోయారట. ఆ వాపోవడం కూడా గణాలకు సరిపోయి పద్యంలో కలిసిపోయిందని మా పెద్దలు చెప్పుకునే కథ. మహాభారతంలో 15 పర్వాలు అలా ఒడ్డుకు చేరాయి. నేనూ రోజూ రాత్రి అదే ప్రశ్న గోడకేసి అడుగుతున్నాను. నాది వచనం కాబట్టి ఎక్కడా ఇమడటం లేదు.

ఆ తర్వాతివాడు ఆత్రేయ. 1921లో సూళ్ళూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టిన కిళాంబి వెంకట నరసింహాచార్యులు. రాసి ప్రేక్షకుల్నీ, రాయకుండా నిర్మాతల్నీ ఏడిపించాడని సినిమావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. తిక్కన సంప్రదాయం కన్నా ఇదే నాకు నప్పింది, అదీ సగం వరకు. రాయకుండా ఉండడం బాగానే పట్టుబడింది. అందుకు ఏడ్చే నిర్మాతే దొరకలేదు.

నా ఉద్యోగం ఇందుకూరుపేట మండలంలో ఒక రొయ్యల మేత కొట్టులో లెక్కలు రాయడం. సాయంత్రం కొట్టు కట్టేసి బండెక్కితే ఎక్కువసేపు పట్టకుండానే మైపాడు బీచి. కథలు రాసేవాడికి సముద్రం ఇంత దగ్గర ఉండటం మంచిది కాదు. ఇసకలో కూర్చుని అలల్ని చూస్తుంటే రాస్తున్నట్టే ఉంటుంది. ఇంటికొచ్చి చూసుకుంటే చొక్కా జేబులో కాస్త ఇసక, మరమరాల పొట్లం కట్టిన కాగితం. ఆ కాగితం మీద ఎవరిదో సీరియల్ భాగం. బాగుంది కూడా.

మా కథకుల వాట్సాప్ గ్రూపులో ఒక ఆచారం ఉంది. ఆదివారం పొద్దున్నే ప్రతివాళ్ళూ ఆ వారం రచనా ప్రగతి చెప్పాలి. ప్రభుత్వ శాఖల సమీక్షా సమావేశం ఎలా జరుగుతుందో అచ్చంగా అలాగే జరుగుతుంది. పని ఏం జరిగిందని ఎవరూ అడగరు, ఎంత శాతం జరిగిందని అడుగుతారు. కోవూరు సభ్యుడొకాయన నవల ‘80 శాతం పూర్తి’ అని పెట్టి రెండు సంక్రాంతులు దాటింది. మేమంతా చప్పట్ల బొమ్మలు పెడుతూనే ఉన్నాం. మిగిలిన 20 శాతం రాస్తే ఆయనకు ఆదివారాలు ఎలా గడుస్తాయో అని మాకే బెంగ.

ఈ వారం నా నివేదిక ఇలా పోయింది: ‘కథానాయిక పేరు మార్చాను. పాత పేరు మా వదినదని గుర్తొచ్చింది. కుర్చీకి దిండు కొన్నాను. నేపథ్యం కోసం కోడూరు బీచికి వెళ్ళొచ్చాను.’ మైపాడు పక్కనే ఉండగా కోడూరు ఎందుకని ఒక్కరూ అడగలేదు. సాటి రచయితల మీద అంత నమ్మకం ఉన్న గ్రూపు మాది.

కథ దేని గురించని అడక్కండి. తుఫాను గురించే. ఇందులో నా తప్పేమీ లేదు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో పాలగుమ్మి పద్మరాజు గారి ‘గాలివాన’కు రెండో బహుమతి వచ్చింది. అప్పటినుంచి కోస్తాలో కరెంటు పోయిన ప్రతిసారీ కనీసం ఓ పాతిక కథలు మొదలవుతున్నాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు జనం పాలు, కొవ్వొత్తులు కొనుక్కున్నారు. మా గ్రూపువాళ్ళు కొవ్వొత్తులు, తెల్లకాగితాలు కొనుక్కున్నారు. గాలి తగ్గి, వైర్లు అతికి, సెల్ టవరు లేచేసరికి గ్రూపులో ముసలమ్మలు, పూరి గుడిసెలు, తడిసిన దీపాలు వరదలా వచ్చి పడ్డాయి. పద్మరాజు గారు బతికుంటే ఆ వారం ఫోను ఎత్తేవారు కాదు.

రాయడమే కష్టమనుకునేవాళ్ళు పంపి చూడాలి. పత్రికలవాళ్ళు అను ఫాంటులో అడిగితే నేను యూనికోడ్‌లో రాసి ఉంటాను. యూనికోడ్ అడిగినచోటికి పంపాల్సిందేమో అనులో ఉంటుంది. ఒకదాన్ని ఇంకొకదానిలోకి మార్చే యంత్రం కంప్యూటర్ సెంటర్ అబ్బాయి దగ్గర ఉంది. పేజీకింతని తీసుకుంటాడు, ఒత్తులు తినేస్తాడు. మొన్న మార్పించిన కథలో భర్త చివరి పేరాలో భార్యను పట్టుకుని ‘క్షమించు’ అనాలి. తెరమీద ఆ మాట ఉండాల్సినచోట ఒక డాలరు గుర్తు, రెండు చుక్కలు, ఒక అరసున్నా వచ్చాయి. కథ మొత్తంలో పాఠకుడు ఊహించలేని మలుపు అదొక్కటే కాబట్టి ఉంచేశాను.

కథతోపాటు హామీపత్రం పెట్టాలి. ఇది నా సొంతం, దేనికీ అనువాదమూ అనుకరణా కాదు, మరెక్కడా పరిశీలనలో లేదు. దీని మీద సంతకం చేసేటప్పుడు చెయ్యి కాస్త వణుకుతుంది. సొంతమే, సందేహం లేదు. ఎవరైనా తమదంటే ఇచ్చేద్దామనే ఉంది. నిబంధనల్లో అడుగున చిన్నక్షరాల్లో ఇంకొకటి ఉంటుంది: మూడు నెలల్లో జవాబు రాకపోతే స్వీకరించలేదని భావించగలరు. ఫోన్లు చేయరాదు.

వెనకటి కాలంలో తిరుగు టపాకు స్టాంపులంటించిన కవరు జతచేసేవాళ్ళం. కథ ఎటూ తిరిగొచ్చేది. మన చేతిరాతతో మన చిరునామాకే వచ్చిన కవరును పోస్టుమాన్ దూరం నుంచే ఊపుతూ తెచ్చేవాడు. వీధి వీధంతా తెలిసిపోయేది. సిగ్గే గానీ, చేతికి ఒక వస్తువంటూ అందేది. రిజిస్టరు చేస్తే ఇంకో లాభం ఉండేది. అవతల ముట్టినట్టు సంతకంతో ఎక్‌నాలెడ్జ్‌మెంటు కార్డు వచ్చేది. పత్రికాఫీసుల నుంచి నాకు దక్కిన చేవ్రాళ్ళన్నీ ఆ కార్డుల మీదివే. దాచుకున్నాను. 2025 సెప్టెంబరు 1 నుంచి తపాలా శాఖ రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసింది. ఇకనుంచి తిరస్కారాలు కూడా స్పీడుగా వస్తాయని ఆశపడ్డాను. అసలు వస్తే కదా.

పంపే చోట్లు కూడా చూస్తుండగానే తగ్గిపోయాయి. 1978 నుంచి నెలనెలా వచ్చిన విపుల, చతుర 2021లో ఆగిపోయాయి. నెలకొక నవల వేసే చతుర పోతే కోవూరు ఆయన 80 శాతం దగ్గర ఆగడంలో వింతేముంది?

ఒకరోజు మొహం వేలాడేసుకుని కొట్లో కూర్చున్నాను. మేతకొచ్చిన చెరువు రైతు ఒకాయన, పెద్దాయన, అడిగాడు.

“ఏందబ్బయా, అట్టుండావు?”

“కత పంపించి మూడు నెల్లయింది నాయనా. జవాబు రాలా.”

“తిప్పి కొట్టారా?”

“కొట్టలా. ఉలుకూ లేదు, పలుకూ లేదు.”

ఆయన నన్ను జాలిగా చూశాడు. “మాకయితే అమెరికావోడు కాయితం మీద రాసిస్తాడబ్బయా” అన్నాడు.

ఇంటికెళ్ళి చూస్తే నిజమే. ఆ దేశపు ఎఫ్‌డీఏ తాను వెనక్కి పంపిన సరుకు జాబితాను బహిరంగంగా పెడుతుంది. కంపెనీ పేరు, ఊరు, తేదీ, సరుకు, ఎందుకు పంపారన్న కారణం. మందుల అవశేషాలా, సాల్మొనెల్లానా, కుళ్ళా, విడివిడిగా. కిలోకి ముప్ఫై తూగే వెన్నామీ రొయ్యకు సముద్రాల అవతల ఇంత మర్యాద జరుగుతోంది. పన్నెండు పేజీల కథకు హైదరాబాదులో జరగడం లేదు. మన సంపాదకులూ అలాంటి పట్టీ ఒకటి పెడితే ఎంత బాగుంటుంది! ‘ఫలానావారి కథ, నెల్లూరు జిల్లా: ఉపమానాల అవశేషాలు పరిమితికి మించి ఉన్నవి. ముగింపులో అనుమతి లేని కన్నీరు కనబడినది. మూడో పేజీలో నిలవ వాసన.’ అంత తెలిస్తే చాలు, మనిషి మందు మార్చుకుంటాడు.

రొయ్యకు ఇంకో సదుపాయం కూడా ఉంది. ఎగుమతికి పోయే సరుకైతే పట్టుబడికి ముందే నమూనా తీసి, వాడకూడని యాంటీబయోటిక్కులు ఉన్నాయేమో ల్యాబులో చూస్తారు. కథలకు ఆ ల్యాబు ఇంట్లోనే ఉంటుంది. మా ఆవిడ మొదటి పేజీ చదివి, చివరి పేజీ చదివి, ఒకటే టెస్టు చేస్తుంది. “ఇందులో అత్తగారు మా అమ్మేనా?” కాదంటే పాసు. కావలి నుంచి వెళ్ళిన మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’లో తనవాళ్ళందరి గురించీ రాసి పేరు తెచ్చుకున్నాడని చెప్పి చూశాను. “ఆయన వాళ్ళమ్మ గురించి రాసుకున్నాడేమో, మా అమ్మ గురించి రాయలా” అంది. విమర్శలో ఇంత సూటిదనం మన పత్రికల్లో కరువు.

ఇక మిగిలింది దైవబలం. నెల్లూరువాళ్ళకు దానికీ దారుంది. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెల పండగ. కోరిక తీరినవాళ్ళు నీళ్ళలో నిలబడి రొట్టె ఇస్తారు, ఆ కోరికే ఉన్నవాళ్ళు తీసుకుని తింటారు. తీరాక మళ్ళీ వచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, సంతాన రొట్టె, సొంతింటి రొట్టె, విదేశీ రొట్టె, అన్నిటికీ అరుపులే. నేను మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగి “అచ్చు రొట్టె! అచ్చు రొట్టె!” అని అరిచాను. ఎవరూ పలకలేదు. అంటే తెలుగులో కథ అచ్చయి తృప్తిపడిన మనిషి ఒక్కడు కూడా ఆ చెరువులో లేడన్నమాట. పక్కనున్న ఒకమ్మ “ప్రెస్సు పెడతావా నాయనా?” అని అడిగి, నేను తల అడ్డంగా ఊపేలోగానే వ్యాపార రొట్టె చేతిలో పెట్టింది. ఆ నెలలో మా కొట్లో మేత బాగా అమ్ముడుపోయింది. మా సేటుకు ఆ సంగతి చెప్పలేదు, చెబితే వచ్చే ఏడు రొట్టె ఆయన చేత ఇప్పించాలి.

ఈ చింతలోనే నాకు ఆలోచన వచ్చింది. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం పెట్టారు. అచ్చయిన తెలుగు కథలన్నీ ఒకచోట ఉండాలని ఆయన తపన. బంగారంలాంటి పని. మరి అచ్చుకానివి? లెక్క తీస్తే మెజారిటీ మాదే కదా. అమెరికాలో ఇది జరిగింది కూడా. రిచర్డ్ బ్రాటిగన్ అనే ఆయన 1971లో వచ్చిన ఒక నవలలో, ఎవరూ వేయని రాతప్రతులు తెచ్చి పెట్టుకునే గ్రంథాలయాన్ని ఊహించాడు. 1990లో వెర్మాంట్ రాష్ట్రం బర్లింగ్టన్‌లో దాన్ని నిజంగానే పెట్టారు. ఇప్పుడది వాషింగ్టన్ రాష్ట్రంలోని వాంకూవర్‌లో ఉంది. వాళ్ళకే ఉంటే మనకెందుకుండదు?

సేటుని అడిగితే మేత గోడౌన్లో ఎలకలు తిరిగే మూల ఒకటి ఇచ్చాడు. పాత ఇనప బీరువా పెట్టాను. ‘తిరుగుటపా నిలయం’ అని బోర్డు రాయించాను. నిబంధనలు ఒక పేజీలో తయారుచేసి గ్రూపులో పెట్టాను. కథ ఎక్కడా అచ్చయి ఉండకూడదు. కనీసం రెండు పత్రికలు పట్టించుకోకుండా ఉండాలి. హామీపత్రం తప్పనిసరి.

మొట్టమొదట వచ్చింది ఎవరనుకున్నారు? ఆ చెరువు పెద్దాయనే. 2025 ఆగస్టు 27న మన సరుకు మీద అమెరికా వేసిన 50 శాతం సుంకం అమల్లోకి వచ్చిన రోజు రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదట. గట్టు మీద కూర్చుని మేత బిల్లుల వెనక పెన్సిలుతో రాసుకుపోయాడు. ఏరియేటర్ల మోత, మధ్యలో కరెంటు పోవడం, జనరేటరు అందుకోవడానికి పట్టే ఆ కాసేపట్లో నీళ్ళమీదికి తేలే రొయ్యల్ని టార్చిలైటులో చూడటం. ముసలమ్మ లేదు. దీపం లేదు. తుఫాను అసలే లేదు. చెక్‌ట్రే పైకి లాగి, మేత మిగిలిందో లేదో వేళ్ళతో తడిమి చూసుకుని, రేపటి ధర గుర్తొచ్చి మళ్ళీ నీళ్ళలోకి వదిలేస్తాడు. కథ అక్కడ ఆగిపోయింది.

రెండుసార్లు చదివాను. కోపం వచ్చింది. ఇది మా నిలయానికి పనికొచ్చే సరుకు కాదు. ఎవరికి పంపినా వేసేసేలా ఉంది.

నాలుగు రోజులకు ఆయన బస్తాల కోసం వచ్చాడు.

“నా కత ఏమయిందబ్బయా?”

“పరిశీలనలో ఉంది నాయనా.”

“ఎన్నాళ్ళు పట్టుద్ది?”

“మూడు నెలలు చూడండి. ఈలోగా ఫోన్లు చెయ్యబాకండి. కాపీ మీ దగ్గర ఉంచుకున్నారు కదా?”