అర్జీకి మోక్షం

తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వాలు ఎన్ని మారినా ఒక పని మాత్రం ఏనాడూ ఆగలేదు. అది జనం ఫిర్యాదులను పరిష్కరించడం. ఆంధ్రలో ఆ పనికి ఒకప్పుడు మీకోసం అని పేరు పెట్టారు, తర్వాత స్పందన అన్నారు, మరికొన్నాళ్లకు జగనన్నకు చెబుదాం అన్నారు, ఇప్పుడు పీజీఆర్‌ఎస్ అంటున్నారు. తెలంగాణలో ప్రజావాణి. ఫ్లెక్సీ మీద బొమ్మలు మారతాయి కానీ సోమవారం మారదు, కలెక్టరేట్ గేటు దగ్గర అర్జీలు రాసిపెట్టే పెద్దాయన మారడు, పక్కనే జిరాక్స్ షాపూ మారదు. సాయంత్రానికి పత్రికలకు ప్రకటన వెళ్తుంది: ఇన్ని అర్జీలు వచ్చాయి, సత్వరం పరిష్కరించాలని కలెక్టర్ అధికారులను ఆదేశించారు. ఇక నెలాఖరులో పరిష్కార శాతాలు చూస్తే, పదో తరగతి ఫలితాల రోజు ప్రైవేటు స్కూళ్లు టీవీలో వేయించుకునే ప్రకటనలు గుర్తుకొస్తాయి. ఫెయిలైనవాడు ఎక్కడా కనపడడు.

పింఛను ఆగిందని, బోరు ఎండిందని ఇచ్చే అర్జీల జోలికి నేను పోను. వాటిలో కొన్నైనా నిజంగానే తెములుతాయి, ఆ మాట కాదనలేం. నేను చెప్పబోయేది వేరే జాతి అర్జీ. ‘మా ఊళ్లో గ్రామసభ పెట్టకుండానే పెట్టినట్టు రాసుకున్నారు’ అన్నది ఒకటి, ‘తీర్మానాల పుస్తకం చూపించమంటే చూపించడం లేదు’ అన్నది ఇంకొకటి. డబ్బు అడగదు, ఇల్లు అడగదు, తలుపు తీయమంటుంది అంతే. ఇలాంటి అర్జీకి మన వ్యవస్థలో దొరికినంత తొందరగా మోక్షం మరి దేనికీ దొరకదు.

ఎలాగో చూడండి. ఒక ఊరాయన సోమవారం నాడు అర్జీ ఇచ్చాడు. కలెక్టరేట్ దాన్ని ‘తగు చర్య నిమిత్తం’ జిల్లా పంచాయతీ అధికారికి పంపింది. ఆయన డివిజన్‌కు, డివిజన్ వారు ఎంపీడీవోకు, ఎంపీడీవో ‘విచారించి నివేదిక సమర్పించవలెను’ అని పంచాయతీ కార్యదర్శికి. మెట్టు దిగినప్పుడల్లా ఒక స్టాంపు. చివరికి ఆ కాయితం ఎవరి మీద రాశారో సరిగ్గా ఆయన బల్ల మీదికే వచ్చి వాలింది. కార్యదర్శి ఏమాత్రం తొణకలేదు. బీరువాలోంచి తీర్మానాల పుస్తకం తీసి నిష్పక్షపాతంగా విచారణ జరిపాడు. అందులో స్పష్టంగా ఉంది: ఫలానా తేదీన ఉదయం పదకొండు గంటలకు సర్పంచ్ గారి అధ్యక్షతన గ్రామసభ జరిగినది, కోరం సరిపోయినది, అంశములు చదివి వినిపించగా సభ్యులు కూలంకషముగా చర్చించి ఏకగ్రీవముగా ఆమోదించినారు. కింద సంతకాలు, వేలిముద్రలు. ఇంకేం కావాలి? ‘రికార్డులు పరిశీలించగా గ్రామసభ నిర్వహించినట్లు రుజువైనది, అర్జీదారు ఆరోపణ వాస్తవదూరము’ అని నివేదిక వెళ్లింది. ఊరాయన ఫోనుకు మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడినది అని.

పుస్తకం అబద్ధమాడుతోందని ఫిర్యాదు చేస్తే, సాక్షిగా ఆ పుస్తకాన్నే బోనెక్కించారు. అది తనకు అనుకూలంగా సాక్ష్యం చెప్పింది. కేసు కొట్టేశారు.

ఆ వేలిముద్రల ముచ్చట కూడా చెప్పుకోవాలి. కొన్ని ఊళ్లలో అవి సభలో పడవు, సభకు తీరిక లేదు కాబట్టి పుస్తకమే జనం దగ్గరికి నడిచి వస్తుంది. ఉపాధి పని దగ్గర, టీ కొట్టు అరుగు మీద, ‘ఇక్కడో సంతకం పెట్టవే అమ్మా’ అంటే ఆమె పెడుతుంది, ఎందుకని అడిగితే పేరు ఎక్కడ తీసేస్తారోనని. కొన్ని సంతకాలు అన్నదమ్ముల్లా ఒకే పోలికలో ఉంటాయి. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్‌గా ఉంటున్నవాడు కూడా ఆ ఉదయం పదకొండింటికి ఊళ్లో కూలంకషంగా చర్చించి ఉంటాడు. ఇప్పుడు ఫొటో కూడా పెట్టాలంటున్నారు కదా, దానికీ మందుంది: ఫ్లెక్సీ కట్టి, పది కుర్చీలు దగ్గరగా జరిపి, కెమెరాను కాస్త కిందినుంచి పట్టుకుంటే సరి.

చట్టాల్లో లోపం వెతకడం దండగ. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలోనే కుర్చీ వేసింది. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి సభ పెట్టాలంది, వరుసగా ఎగ్గొడితే సర్పంచ్ పదవికే ముప్పంది. ముప్పు పెరిగేకొద్దీ సభలు పెరిగాయో లేదో కానీ పుస్తకాలు మాత్రం దస్తూరీతో సహా మెరుగుపడ్డాయి. ఆంధ్రప్రదేశ్ 2024 ఆగస్టు 23న ఒక్కరోజే 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టి ప్రపంచ రికార్డు పత్రం అందుకుంది. సంతోషమే. చట్టం ఎప్పట్నుంచో పెట్టమంటున్న సభను ఒకరోజు అన్ని ఊళ్లలో పెట్టినందుకు ప్రపంచం రికార్డు ఇచ్చిందంటే, మిగతా రోజుల సంగతి ప్రపంచానికి బాగానే అర్థమైందన్నమాట.

మన ఊరాయన మొండివాడు. సమాచార హక్కు కింద ఆ పుస్తకం నకలు అడిగాడు. గ్రామ స్థాయిలో దీనికి ఫీజే లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. ఎందుకని అడిగే అధికారం ఎవరికీ లేదు, 30 రోజుల్లో ఇవ్వాలి. అందుకే జవాబు కన్నా ముందు ఫోన్ వచ్చింది. ‘ఎందుకన్నా ఇవన్నీ, ఒకసారి వచ్చి కూర్చుంటే మాట్లాడుకుందాం గదా’ అని. ఆయన వెళ్లలేదు. అప్పుడు కాయితాలు మొదలయ్యాయి. మీరు కోరిన సమాచారం విస్తారమైనది. కార్యాలయానికి వచ్చి పరిశీలించుకొనవచ్చును. పరిశీలించడానికి వెళ్తే బీరువా తాళం సెలవులో ఉంది. చివరగా బ్రహ్మాస్త్రం: పూర్వపు కార్యదర్శి బదిలీపై వెళ్లుచు ఛార్జి అప్పగించనందున సదరు రికార్డు లభ్యము కాలేదు. మొన్న గ్రామసభ జరిగిందని రుజువు చేసిన పుస్తకమే ఇది. విచారణలో సాక్ష్యం చెప్పి, అటునుంచటే అజ్ఞాతంలోకి వెళ్లిపోయింది. ఫైలు దొరకలేదన్నది చట్టంలో ఉన్న మినహాయింపు కాదని, వెతికించి బాధ్యులెవరో తేల్చాలని ఢిల్లీ హైకోర్టు 2013లోనే చెప్పింది. ఆ తీర్పు కూడా ఏ బీరువాలో ఉందో మరి.

ఇప్పుడు కొత్త సాకు కూడా అందుబాటులోకి వచ్చింది. 2023 డేటా రక్షణ చట్టం సమాచార హక్కులోని ‘వ్యక్తిగత సమాచారం’ మినహాయింపును బార్లా తెరిచింది, 2025 నవంబరు నుంచి అది అమల్లో ఉంది. ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చన్న 8(2) సెక్షన్ ఇంకా బతికే ఉందనుకోండి. కానీ బహిరంగ సభలో, ఊరందరి ఎదుట చేసిన సంతకం ఇకపై గుట్టుగా కాపాడాల్సిన వ్యక్తిగత విషయం అని జవాబు రాయడానికి ఎవరికీ చెయ్యి వణకదు.

సమాచారం ఇవ్వకపోతే మొదటి అప్పీలు అదే శాఖలో పై అధికారికి. తొలి నివేదిక మీద స్టాంపు కొట్టి పైకి పంపింది ఆయనే కావచ్చు. రెండో అప్పీలు సమాచార కమిషన్‌కు. దాన్ని ఎన్ని రోజుల్లో తేల్చాలో చట్టం చెప్పలేదు. తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా కమిషన్ ఒక్క కమిషనర్ కూడా లేకుండానే గడిపింది. బోర్డుండేది, భవనముండేది, అప్పీళ్లు తీసుకునే కౌంటరుండేది. తప్పు చేసిన అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా వేయవచ్చు, వేసేవారుంటే.

అసలు ఈ ఊరాయన ఇంత తిరగాల్సిన పనే లేదు. 2005 సమాచార హక్కు చట్టంలో నాలుగో సెక్షన్ ఉంది. అడగకముందే బయటపెట్టాల్సిన పదిహేడు అంశాల జాబితా అందులో ఉంది. ఏ కమిటీలు, కౌన్సిళ్లు ఉన్నాయి, వాటి సమావేశాలకు జనం రావచ్చా, మినిట్స్ జనం చూడవచ్చా అన్నది కూడా ఆ జాబితాలో ఒక అంశం. గడువు 120 రోజులు. ఇరవై ఏళ్లు దాటాయి. ఊళ్ల సంగతి అలా ఉంచితే, చాలా మున్సిపాలిటీల్లో ఇప్పటికీ అజెండా పక్కన పెట్టి, ఆఖరి నిమిషంలో బల్ల మీదికి తెచ్చే టేబుల్ అజెండాతోనే అసలు పనులు కానిస్తారు. మినిట్స్ తర్వాత తీరిగ్గా రాస్తారు.

చేతకాక చేయడం లేదంటే నమ్మను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006 నుంచే ఉపాధి హామీలో సామాజిక తనిఖీ చేసి చూపించింది. ఊరితో లావాదేవీ లేని మనుషులు వచ్చి, మస్టర్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, చివర బహిరంగ సభలో పేరుపేరునా చదివేవారు. చచ్చినవాళ్లు మట్టి తవ్విన సంగతులు ఆ మైకుల్లోనే బయటపడ్డాయి. గ్రామసభ ఫిర్యాదుకు కూడా అంతకన్నా పెద్ద మంత్రం అక్కర్లేదు. వేరే మండలం అధికారి ఒకరు ఆ పుస్తకం తెచ్చి, రచ్చబండ దగ్గర కూర్చుని, సంతకాలున్న పేర్లు పైకి చదివితే చాలు. గంట పని. అదేం కోరిక అంటే మాత్రం శాంతిభద్రతల సమస్య వస్తుందంటారు.

ఊరాయన ఆఖరికి, తన అర్జీని తప్పుడు నివేదికతో మూసేశారని మళ్లీ సోమవారం నాడు అర్జీ ఇచ్చాడు. అది కలెక్టరేట్, జిల్లా పంచాయతీ, డివిజన్, మండలం అన్నీ దిగి కార్యదర్శి దగ్గరికే చేరింది. ఆయన ఈసారి పుస్తకం కూడా తీయలేదు. ‘ఇదే అంశముపై గతములో పరిష్కరించిన అర్జీ కలదు, కావున మూసివేయడమైనది’ అని రాసి పంపాడు. జిల్లా లెక్కలో ఇప్పుడవి రెండు పరిష్కారాలు. మూడోది కూడా ఇస్తే ర్యాంకు ఇంకాస్త పైకి పోతుంది.